సైలెన్సర్ పూడుకుపోతే ఇన్‌టేక్ వాక్యూమ్ ఎందుకు పడిపోతుంది

పెట్రోలు కారు ఉదయం ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది, ఐడ్లింగ్‌లో నిలకడగా ఉంటుంది, ఊళ్లో నెమ్మదిగా తిరిగినంతసేపూ ఏ లోపమూ కనిపించదు. హైవే ఎక్కి యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం మోత పెరుగుతుందే తప్ప వేగం పెరగదు. పికప్ లేదన్న ఫిర్యాదుతో షెడ్డుకు వచ్చిన ఇలాంటి బండికి ముందు ప్లగ్గులు మారతాయి, ఆ తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఇగ్నిషన్ కాయిల్, ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్ల శుభ్రత వరుసగా జరిగిపోతాయి. ఇంజన్ నుంచి పొగ బయటికి వెళ్లే దారిని, అంటే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌నూ దాని వెనకనున్న సైలెన్సర్‌నూ (ఇక్కడ మొత్తాన్నీ సైలెన్సర్ అనే అంటున్నాం) అనుమానించడం సాధారణంగా అన్నీ అయిపోయాకే జరుగుతుంది. ఆ దారి మూసుకుపోయిందో లేదో తెలుసుకోవడానికి గాలి లోపలికి వచ్చే వైపు పెట్టిన ఒక చిన్న వాక్యూమ్ గేజ్ సరిపోతుందన్నది పాత మెకానిక్కులకు బాగా తెలిసిన విషయం. అయితే వెనకవైపు అడ్డంకిని ముందువైపు గేజ్ ఎలా పసిగడుతుందో తెలియకుండా ముల్లు చూపిన అంకెను మాత్రమే నమ్ముకుంటే తప్పుడు నిర్ణయానికి వచ్చే అవకాశం కూడా అంతే ఉంది. అందుకే ముందు కారణాన్ని అర్థం చేసుకోవాలి.

పెట్రోలు ఇంజన్ శక్తిని అదుపు చేసేది త్రాటిల్ అనే పలక. ఐడ్లింగ్‌లో అది గాలి దారిని దాదాపుగా మూసి ఉంచుతుంది. కింద పిస్టన్లు గాలి కోసం లాగుతూ ఉంటాయి. ఈ రెండింటికీ మధ్య ఉన్న ఇన్‌టేక్ మేనిఫోల్డ్‌లో పీడనం బయటి వాతావరణం కంటే బాగా తగ్గుతుంది. ఆ తేడానే వాక్యూమ్ అంటున్నాం. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్‌లు, అంటే పాదరసం కొలతలో దాదాపు 29.9 అంగుళాలు. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ వేడెక్కి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు గేజ్ 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలుస్తుంది. 18 అంగుళాల వాక్యూమ్ ఉందంటే మేనిఫోల్డ్ లోపల మిగిలిన అసలు పీడనం దాదాపు 40 కిలోపాస్కల్‌లని అర్థం.

ఇక్కడ ఊరి ఎత్తును లెక్కలోకి తీసుకోవడం తప్పనిసరి. ఎత్తు ప్రతి వెయ్యి అడుగులు పెరిగేకొద్దీ గేజ్ అంకె దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. విశాఖపట్నం తీరంలో 19 చూపిన కారు, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో 17 దగ్గర నిలిస్తే ఇంజన్ చెడిపోయినట్టు కాదు. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో 16 చూపినా కంగారు పడనక్కరలేదు. ఐడ్లింగ్‌లో తిరగడానికి ఇంజన్‌కు కావలసిన గాలి ఎక్కడైనా దాదాపు ఒకటే కాబట్టి మేనిఫోల్డ్ లోపలి పీడనం పెద్దగా మారదు, బయటి పీడనమే తగ్గి తేడా చిన్నదవుతుంది. సముద్రతీరానికి రాసిన పట్టికను పీఠభూమి మీద తిరిగే బండికి యథాతథంగా వర్తింపజేసి లేని జబ్బును కనిపెట్టడం చాలా సులువు.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, సైలెన్సర్ మూసుకుపోతే పొగ బయటికి పోలేక గాలి లోపలికి రాలేదని, అందుకే వాక్యూమ్ పడిపోతుందని సాధారణంగా చెబుతారు. ఇది సగమే నిజం. గాలి లోపలికి రావడం తగ్గడమే కారణమైతే త్రాటిల్ ఎంత తెరుచుకుందో అంతే ఉండగా మేనిఫోల్డ్‌లో ఏం జరగాలో ఆ వివరణ చెప్పదు. జరిగేదాన్ని పూర్తిగా చూడాలంటే సిలిండర్‌లో మిగిలిపోయే పాత పొగతో మొదలుపెట్టాలి.

పొగను బయటికి తోసే ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివరికి పిస్టన్ పైకి వచ్చినా సిలిండర్ పూర్తిగా ఖాళీ కాదు. పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య ఉన్న దహన గదిలో కొంత పొగ ఎప్పుడూ మిగులుతుంది. 1200 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను, 10:1 కంప్రెషన్ నిష్పత్తితో ఊహించుకుంటే ఒక్కో సిలిండర్‌లో పిస్టన్ ఊడ్చే పరిమాణం 300 సీసీ, పైన మిగిలే గది సుమారు 33 సీసీ. పొగదారి బాగున్నప్పుడు ఆ 33 సీసీలోని పొగ పీడనం దాదాపు 100 కిలోపాస్కల్‌లు. ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోగానే అది 40 కిలోపాస్కల్‌ల పీడనమున్న మేనిఫోల్డ్‌తో కలుస్తుంది. పీడనం రెండున్నర రెట్లు పడిపోతుంది కాబట్టి ఆ పొగ రెండున్నర రెట్లు ఉబ్బి సుమారు 83 సీసీ ఆక్రమిస్తుంది. పిస్టన్ కిందికి దిగుతున్నప్పుడు మొదటి 50 సీసీ మేర కొత్త గాలి రానే రాదు, పాత పొగే ఆ చోటు నింపుతుంది. తాజా గాలికి మిగిలేది 250 సీసీ.

ఇప్పుడు పొగదారిలో గట్టి అడ్డంకి ఏర్పడి 40 కిలోపాస్కల్‌ల వెనక ఒత్తిడి పుట్టిందనుకుందాం. సిలిండర్‌లో మిగిలే పొగ పీడనం 140కి చేరుతుంది. అదే 33 సీసీ పొగ ఈసారి సుమారు 117 సీసీకి ఉబ్బుతుంది, తాజా గాలికి 217 సీసీయే దక్కుతుంది. అంటే మేనిఫోల్డ్ పీడనం మారకపోతే ఒక్కో విడత 13 శాతం గాలి తగ్గుతుంది. పాత మోతాదులోనే తాజా గాలి అందాలంటే మేనిఫోల్డ్ పీడనం 40 నుంచి 44 కిలోపాస్కల్‌లకు పెరగాలి. ఇది ఉష్ణోగ్రతల మార్పులను పక్కన పెట్టి వేసిన స్థూల లెక్క. అయినా దిశనూ పరిమాణాన్నీ సరిగ్గానే చూపిస్తుంది.

రెండో భాగం శ్రమకు సంబంధించింది. పిస్టన్ ఎగ్జాస్ట్ స్ట్రోక్‌లో పైకి వచ్చేటప్పుడు 100కు బదులు 140 కిలోపాస్కల్‌ల ఒత్తిడిని తోసుకుంటూ రావాలి. ఆ అదనపు శ్రమను అదే ఇంజన్ తన దహనం నుంచే సంపాదించుకోవాలి, అంటే ఐడ్లింగ్‌లో కేవలం తిరుగుతూ ఉండడానికే ఇంకాస్త గాలీ పెట్రోలూ కాల్చాలి. మేనిఫోల్డ్ పీడనం ఒక కిలోపాస్కల్ పెరిగితే సిలిండర్‌లో పనికి దొరికే సగటు పీడనం సుమారు పది కిలోపాస్కల్‌లు పెరుగుతుందన్న స్థూల నిష్పత్తిని పట్టుకుంటే, ఈ 40 కిలోపాస్కల్‌ల అడ్డును భరించడానికి మరో 4 కిలోపాస్కల్‌లు కావాలి. రెండూ కలిపితే మేనిఫోల్డ్ పీడనం 40 నుంచి 48 దాకా వెళ్తుంది. గేజ్ మీద అది దాదాపు రెండున్నర అంగుళాల తగ్గుదల, అంటే 18 చూపాల్సిన ముల్లు 15, 16 మధ్యకు దిగడం.

దీనికి తోడు ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకునే కొద్ది సమయం ఒకటుంది, దాన్నే వాల్వ్ ఓవర్‌ల్యాప్ అంటారు. ఆ సమయంలో ఎగ్జాస్ట్ వైపు ఒత్తిడి ఎక్కువగా, ఇన్‌టేక్ వైపు తక్కువగా ఉండడంతో పొగ నేరుగా వెనక్కి పారుతుంది. పాత పొగ ఎక్కువైన మిశ్రమం నెమ్మదిగా మండుతుంది, నెమ్మదిగా మండిన మిశ్రమం తక్కువ బలాన్నిస్తుంది, ఆ లోటు తీర్చడానికి మళ్లీ మరికొంత గాలి కావాలి. అడ్డంకి తీవ్రమైనప్పుడు వాక్యూమ్ పైన వేసిన లెక్కకంటే ఎక్కువగా పడిపోవడానికి ఈ చక్రమే కారణం.

త్రాటిల్‌ను ఎవరూ కదపకపోయినా వాక్యూమ్ ఎందుకు తగ్గుతుందన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. దీనికి సమాధానం త్రాటిల్ దగ్గరి గాలి వేగంలో ఉంది. మేనిఫోల్డ్ పీడనం బయటి పీడనంలో సుమారు 53 శాతం కంటే తక్కువగా ఉన్నంతకాలం ఆ సన్నని సందులో గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అంతకు మించి అది వేగం పుంజుకోలేదు. కాబట్టి ఐడ్లింగ్‌లో ఎంత గాలి వస్తుందన్నది సందు వెడల్పును బట్టే ఉంటుంది, కింద ఎంత గట్టిగా లాగుతున్నారన్న దాన్ని బట్టి ఉండదు. వచ్చే గాలి స్థిరంగా ఉండి, వెనక ఒత్తిడి వల్ల ఇంజన్ వేగం తగ్గితే నిమిషానికి పిస్టన్లు లాగే విడతలు తగ్గుతాయి, ఒక్కో విడత వాటాకు ఎక్కువ గాలి మిగులుతుంది, మేనిఫోల్డ్ పీడనం పెరుగుతుంది. ఒకవేళ కంప్యూటర్ ఐడ్లింగ్ వేగాన్ని నిలబెట్టేందుకు త్రాటిల్‌ను కొంచెం తెరిచినా, లేక మెకానిక్కే ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) పడిపోకుండా కాలితో కొంచెం ఎక్కువ తొక్కినా ఫలితం అదే. రెండు దారుల్లోనూ వాక్యూమ్ తగ్గుతుంది. మూసుకున్న సైలెన్సర్ గాలిని నేరుగా ఆపడం లేదు. ఇంజన్‌ను మరింత గాలి అడిగే స్థితికి నెడుతోంది. పై సగం నిజానికి మిగతా సగం ఇదే.

ఇంతవరకూ చెప్పిన లెక్కలో 40 కిలోపాస్కల్‌ల వెనక ఒత్తిడి ఐడ్లింగ్‌లోనే ఉందని అనుకున్నాం. వాస్తవంలో అలా జరగాలంటే దారి దాదాపు పూర్తిగా మూసుకుపోవాలి. అడ్డంకి వద్ద పుట్టే ఒత్తిడి పొగ ప్రవాహానికి సుమారుగా వర్గానుపాతంలో పెరుగుతుంది: ప్రవాహం రెట్టింపైతే ఒత్తిడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. పైన చెప్పిన 1200 సీసీ ఇంజన్ ఐడ్లింగ్‌లో సెకనుకు రెండు గ్రాముల గాలి తీసుకుంటే, 6000 ఆర్పీఎం వద్ద పూర్తి త్రాటిల్‌తో 60 గ్రాముల దాకా తీసుకుంటుంది. ప్రవాహంలోనే ముప్పై రెట్ల తేడా ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో గేజ్‌కు కనిపించనంత చిన్న ఒత్తిడి హైవే మీద ఇంజన్ గొంతు పట్టుకునేంత పెద్దదవుతుంది. బండి ఊళ్లో బాగుండి బయట లాగకపోవడం ఈ వర్గ నియమం ఫలితమే. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ 18 ఉంది కాబట్టి సైలెన్సర్ బాగుందని తేల్చడం ఈ పరీక్షలో అతి తరచుగా జరిగే పొరపాటు, అతి ఖరీదైనది కూడా.

అందువల్ల పరీక్ష ఇలా సాగాలి. ఇంజన్‌ను పూర్తిగా వేడెక్కనిచ్చి, త్రాటిల్‌కు కిందివైపున మేనిఫోల్డ్ వాక్యూమ్ నేరుగా అందే గొట్టానికి గేజ్ కలిపి, ముందు ఐడ్లింగ్ అంకెను గుర్తుపెట్టుకోవాలి. ఆపైన ఇంజన్‌ను 2500 ఆర్పీఎం దగ్గర నిలకడగా రేస్ చేసి, అక్కడే నిమిషం దాకా ఉంచాలి. దారి శుభ్రంగా ఉంటే వాక్యూమ్ మొదట క్షణం తగ్గినా వెంటనే ఐడ్లింగ్ అంకెకు సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు పైకో వచ్చి ఆగుతుంది. దారి పూడుకుపోయి ఉంటే ముల్లు 17 దగ్గర మొదలై 15, 13, 10 అంటూ మెల్లగా దిగిపోతూ ఉంటుంది. ఆర్పీఎం మారకుండానే అంకె కాలంతో పాటు జారడమే ఈ జబ్బుకు ముఖ్యమైన లక్షణం. పొగ వేడెక్కేకొద్దీ అదే బరువు పొగ ఎక్కువ చోటు అడుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, దాన్ని భరించడానికి త్రాటిల్ ఇంకాస్త తెరుచుకుంటుంది, పొగ ఇంకా పెరుగుతుంది. కన్వర్టర్ లోపల విరిగిన ముక్కలు ప్రవాహానికి కొట్టుకువచ్చి దారికి అడ్డం పడినా ఇదే కనిపిస్తుంది.

యాక్సిలరేటర్‌ను ఒక్కసారి గట్టిగా తొక్కి వదిలే పరీక్ష కూడా ఉంది. తొక్కగానే గేజ్ సున్నా దగ్గరికి పడి, వదలగానే 24, 25 దాకా ఎగసి, తర్వాత మామూలు అంకెకు వస్తే దారి బాగున్నట్టు. పూడుకుపోయిన దారిలో గొట్టంలో నిలిచిన పొగ వాల్వుల సందులోంచి వెనక్కి వస్తూ ఉంటుంది కాబట్టి ముల్లు ఆ ఎగరడం లేకుండానే బద్ధకంగా పైకి పాకుతుంది. కేబుల్‌తో నడిచే త్రాటిల్ ఉన్న పాత బండ్లలో ఇది మంచి పరీక్షే. ఎలక్ట్రానిక్ త్రాటిల్ ఉన్న కార్లలో కాలు తీసినా కంప్యూటర్ పలకను తన లెక్క ప్రకారం నెమ్మదిగా మూయవచ్చు, అందుచేత ముల్లు తిరిగి వచ్చే వేగాన్ని బట్టి మాత్రమే తీర్పు చెప్పకూడదు. వాల్వ్ టైమింగ్‌ను తానే మార్చుకునే ఇంజన్లలో మధ్యస్థ వేగాల వద్ద కంప్యూటర్ కావాలనే ఓవర్‌ల్యాప్ పెంచి కొంత పాత పొగను లోపల ఉంచుకోవచ్చు. అలాంటి బండిలో 2500 వద్ద వాక్యూమ్ కొంత తక్కువగా కనిపించినా, అది ఒకచోట నిలబడి ఉంటే దోషం కాదు. అదే మోడల్‌కు చెందిన బాగున్న కారుతో పోల్చి చూడడమే సరైన పని.

వాక్యూమ్ తగ్గడానికి వేరే కారణాలూ ఉన్నాయి, వాటిని విడదీయడానికి వేగంతో పాటు అంకె ఎటు కదులుతోందో చూడాలి. రబ్బరు గొట్టం చీలి గాలి లీకవుతుంటే ఐడ్లింగ్‌లోనే బాధ ఎక్కువ. వేగం పెరిగి త్రాటిల్ తెరుచుకునేకొద్దీ లీకు వాటా చిన్నదై అంకె మెరుగవుతుంది. సైలెన్సర్ విషయంలో సరిగ్గా దీనికి వ్యతిరేకం. వాల్వులు తెరుచుకునే సమయాన్ని నడిపే టైమింగ్ చైన్ ఒక పన్ను జారితే లేదా ఇగ్నిషన్ వెనకబడితే అంకె మొదటి నుంచీ తక్కువగా ఉండి అక్కడే ఉంటుంది, కాలంతో జారదు. ఒక వాల్వు సరిగా కూర్చోకపోతే ముల్లు క్రమం తప్పకుండా కొట్టుకుంటుంది. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోతే పాత పొగ లోపలికి చేరడం వల్ల ఫలితం పైకి ఒకేలా ఉన్నా, ఐడ్లింగ్ గరుకుగా తయారై వేగంలో సర్దుకోవడం దాన్ని పట్టిస్తుంది.

కారు కంప్యూటర్‌లోని అంకెలను చదివే స్కానర్ ఉన్న చోట ఇదే కథ మరో రూపంలో కనిపిస్తుంది, కాకపోతే గాలిని కొలిచే పద్ధతిని బట్టి అది మారుతుంది. గాలి బరువును నేరుగా కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉంటే, తగ్గిన గాలిని కంప్యూటర్ నిజంగానే తగ్గినట్టు చూసి తగినంత పెట్రోలే పంపుతుంది. ఫ్యూయల్ ట్రిమ్‌లు, అంటే పెట్రోలు మోతాదుకు కంప్యూటర్ చేసే దిద్దుబాట్లు, దాదాపు మామూలుగానే ఉంటాయి, పూర్తి త్రాటిల్‌లో సెకనుకు వచ్చే గ్రాములు మాత్రం ఉండాల్సిన దానికంటే బాగా తక్కువగా నమోదవుతాయి. మన దేశంలోని చిన్న పెట్రోలు కార్లలో చాలా వాటికి మ్యాప్ సెన్సార్ ఆధారం. అది మేనిఫోల్డ్ పీడనాన్ని చూసి గాలిని అంచనా వేస్తుంది. పీడనం 40 నుంచి 48కి పెరిగితే గాలి ఐదో వంతు పెరిగిందని అది అనుకుంటుంది. ఆ పెరుగుదలలో సగం పాత పొగకు చోటు ఇవ్వడానికే పోయిందన్న సంగతి దానికి తెలియదు. పెట్రోలు ఎక్కువై మిశ్రమం చిక్కబడుతుంది, ఆక్సిజన్ సెన్సార్ ఆ సంగతి చెబితే కంప్యూటర్ తగ్గిస్తూ పోయి ట్రిమ్‌లు మైనస్‌లోకి దిగుతాయి. వాక్యూమ్ తక్కువ, ట్రిమ్ మైనస్, పికప్ లేదు అన్న మూడూ ఒక్కచోట కలిస్తే ఇంజెక్టర్ల మీద నేరం మోపే ముందు సైలెన్సర్ వైపు చూడడం మేలు. అమెరికా రోడ్ల మీద ఎక్కువగా కనిపించే, మూడేసి సిలిండర్లు రెండు వరుసల్లో ఉండే వి6 ఇంజన్లలో రెండు వైపులకూ వేరువేరు కన్వర్టర్లుంటాయి. మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్ ఉన్న అలాంటి ఇంజన్‌లో ఒకవైపు మాత్రమే పూడుకుపోతే ఆ వైపు ట్రిమ్‌లు మైనస్‌లోకి, రెండో వైపువి ప్లస్‌లోకి విడిపోవడం చాలా స్పష్టమైన గుర్తు.

వాక్యూమ్ గేజ్ ఎంత బాగా చెప్పినా అది పరోక్ష సాక్ష్యమే. కన్వర్టర్ ఖరీదైన వస్తువు కాబట్టి మార్చే ముందు వెనక ఒత్తిడిని నేరుగా కొలిచి తీరాలి. కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సార్‌ను విప్పి ఆ రంధ్రంలో ప్రెజర్ గేజ్ బిగిస్తే, ఐడ్లింగ్‌లో సుమారు 1.25 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) లోపు, 2500 ఆర్పీఎం వద్ద 3 పీఎస్ఐ లోపు ఉండడం సాధారణంగా ఒప్పుకునే హద్దు. ఈ పని తలుపులు తెరిచిన చోటే చేయాలి. కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండా చంపే వాయువు. ఆ రంధ్రం నుంచి వచ్చే పొగ వైర్లనూ రబ్బరునూ కాల్చగలదు. కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో తట్టి గలగల వింటే లోపల విరిగిందని తెలుస్తుంది, వినిపించకపోతే బాగుందని కాదు. ముందు వెనకల ఉష్ణోగ్రత తేడా చూసి నిర్ణయించే అలవాటు కూడా ఉంది కానీ, పనిచేసే కన్వర్టర్‌లో ఆ తేడా ఇంజన్ స్థితిని బట్టి మారుతూ ఉంటుంది కాబట్టి దాన్ని బలమైన సాక్ష్యంగా తీసుకోలేం.

భారతదేశంలో క్యాటలిటిక్ కన్వర్టర్ 1995 ఏప్రిల్‌లో ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై నగరాల కొత్త పెట్రోలు కార్లకు తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు దేశమంతటా అమల్లోకి వచ్చాక అది మరింత కీలకమైంది. దాని లోపల ఉండేది తేనెపట్టు లాంటి సన్నని గళ్లున్న పింగాణీ దిమ్మె, చదరపు అంగుళానికి 400 గళ్ల దాకా ఉండడం మామూలే. అది తనంతట తాను పూడుకుపోవడం అరుదు. మిస్‌ఫైర్ అవుతున్న సిలిండర్ నుంచి కాలని పెట్రోలు అక్కడికి చేరి లోపలే మండితే పింగాణీ కరిగి గళ్లు మూసుకుపోతాయి. ఆయిల్ తాగే ఇంజన్ నుంచి వచ్చే బూడిద గళ్ల ముఖాన పేరుకుంటుంది. హెడ్ గ్యాస్కెట్ లీకై కూలెంట్ చేరినా అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో మునిగినట్టుగా బండ్లు నీటిలో ఉండిపోయినప్పుడు బురద సైలెన్సర్‌లోకి చేరవచ్చు, వేడి మీదున్న పింగాణీ చన్నీటికి పగలవచ్చు. కన్వర్టర్ బాగుండి వెనకనున్న సైలెన్సర్ లోపలి పలక తుప్పుపట్టి ఊడిపడడం, రెండు పొరల గొట్టంలో లోపలి పొర కుంగిపోవడం కూడా గేజ్ మీద ఇదే ముద్ర వేస్తాయి. పైకి గొట్టం నున్నగా ఉన్నంత మాత్రాన లోపల ఖాళీగా ఉందని చెప్పలేం.

డీజిల్ బండ్లకు ఈ పరీక్ష వర్తించదు. పెట్రోలు ఇంజన్‌లోలా గాలిని అడ్డుకుని శక్తిని అదుపు చేసే పద్ధతి వాటిలో లేదు, బ్రేకులకు కావలసిన వాక్యూమ్‌ను విడి పంపు ఇస్తుంది. అక్కడ పొగలోని మసిని పట్టే ఫిల్టర్ అయిన డీపీఎఫ్‌కు ముందూ వెనకా ఉన్న పీడన తేడాను కొలిచే సెన్సార్ అంకెనే చూడాలి. పెట్రోలు కార్లలో మాత్రం బ్రేక్ బూస్టర్ ఈ మేనిఫోల్డ్ వాక్యూమ్ మీదే ఆధారపడటం సర్వసాధారణం. కాబట్టి సైలెన్సర్ బాగా పూడుకుపోయిన బండిలో పెడల్ గట్టిగా అనిపిస్తే బ్రేకులను విడిగా పరీక్షించడంతో ఆగకుండా గేజ్ కూడా పెట్టి చూడాలి. ఇది పికప్‌కే పరిమితమైన సమస్య కాదు, భద్రతకు సంబంధించినది కూడా.

కొత్త కన్వర్టర్ బిగించాక అదే గేజ్‌తో, అదే 2500 ఆర్పీఎం వద్ద, అదే నిమిషం పాటు పరీక్ష తిరిగి చేయాలి. అంకె ఐడ్లింగ్ కంటే పైన నిలబడితే దారి తెరుచుకుంది. ఇంకా తక్కువగానే ఉండి కదలకుండా నిలిస్తే టైమింగ్ చైన్ గుర్తులు విప్పి చూడాలి. ట్రిమ్‌లు సున్నా దగ్గరికి వచ్చాయా, మిస్‌ఫైర్ లెక్క ఏ సిలిండర్‌లోనైనా పెరుగుతోందా, రెండు నెలల్లో ఆయిల్ మట్టం ఎంత దిగింది అన్నవి చూడకుండా బండిని పంపేస్తే కొత్త దిమ్మె కూడా పాతదాని దారిలోనే కరిగిపోతుంది.